నూకరత్నం దివిటీకి పద్నాలుగు తలలు

మూడో రోజు

పగడాల ఆఫీసువాళ్ల రిజిస్టర్ నేను ముట్టుకోకూడదు కాబట్టి ఇందులో రాస్తున్నాను. ఇది నూకరత్నం ముగ్గుల పుస్తకం. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి.

నూకరత్నం నా భార్య. శనివారం మధ్యాహ్నం మంచినీళ్ల ట్యాంకర్ లైన్లో కూలబడింది. బిందె మాత్రం ఒలకనివ్వలేదట. లైన్లో ఉన్నవాళ్లంతా ఆ సంగతే పొగుడుతూ చెబుతున్నారు, నాకు ఒళ్లు మండుతోంది. నీళ్లు పోతే పోనీ, మనిషిని పట్టుకోవద్దూ?

ఇవాళ చిన్నదినం. వచ్చినవాళ్లు నన్ను ఒకసారి చూసి, తొట్టెను పదిసార్లు చూశారు. తప్పు పట్టలేను. ఈ కొండ క్వార్టర్స్‌లో ఇంటికొక గాజుతొట్టె, తొట్టెకొక పగడం. సముద్రంలో పగడాలన్నీ ఉడికి తెల్లబడిపోయాక, మిగిలిన నాలుగు ముక్కలూ తెచ్చి మా జాలరి కుటుంబాల చేతిలో పెట్టారు. వేట ఎటూ లేదు, కనీసం పెంచండి అన్నారు. మాది దివిటీ పగడం. రాతికాడల చివర్న ఒక్కొక్క తల, తలనిండా బంగారు రంగు కొసలున్న మెత్తటి వేళ్లు. నూకరత్నానికి ఇచ్చినప్పుడు ఒక్క తల. పందొమ్మిదేళ్లలో పద్నాలుగు చేసింది.

వచ్చే నెల పౌర్ణమికి దీని అప్పగింతలు. నీళ్లు చల్లబడిన చోటు ఒకటి దొరికిందని, పెరిగిన పగడాలను పడవల్లో తీసుకెళ్లి దింపుతున్నారు. పెంచినవాళ్లనీ పడవ ఎక్కిస్తారు. ఆడపిల్లను సాగనంపినట్టే పసుపూ కుంకుమా పెట్టి పంపిస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. పది తలలకు తగ్గితే మాత్రం తీసుకోరు. నూకరత్నం పడవ ఎక్కి ముప్పయ్యేళ్లయింది. ఆ రోజుకని చీర కూడా తీసి పెట్టుకుంది.

చావు జరిగిన ఇంట్లో పదకొండు రోజులు ఎవరూ తొట్టె నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. మైల అని మావాళ్లు అంటారు. ఏడ్చే చేతులకు కొలత తెలియదని ఆఫీసువాళ్లు అంటారు. ఏదైతేనేం, తొట్టె మూతకు పసుపుదారం కట్టేస్తారు. ఆ పదకొండు రోజులూ పక్కింటివాళ్లే దారం విప్పి, మందు పోసి, మేత పెట్టి, మళ్లీ కడతారు. చేతిమార్పు అంటారు దీన్ని. ఆ చేతిలో పగడం పాడైతే వాళ్ల తొట్టె కూడా తీసుకుపోతారు.

మా పక్కిల్లు కోర్లమ్మది. కర్మ.

నాలుగో రోజు

కోర్లమ్మకు డెబ్బై దాటాయి. ఒంటరి మనిషి. ఆమెకూ మాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. ఆ ఏడు తుఫానుకు వాళ్ల తొట్టె పగిలితే, ఆమె మెదడు పగడాన్ని వారం రోజులు మా తొట్టెలో ఉంచాం. జానెడు దూరంలో పెట్టాం, చాలనుకున్నాం. చీకటి పడ్డాక మా దివిటీ ఆ దూరమంతా సాగేలా పొడుగు వేళ్లు చాచి దాన్ని కుట్టింది. రూపాయి బిళ్లంత మచ్చ పడి, కండ ఊడి, లోపలి రాయి కనిపించింది. కావాలనే దగ్గర పెట్టారని ఆమె. తెలిసి ఎవరు పెడతారని మేము. ఆ రోజుతో సరి.

ఇప్పుడామె రోజూ పొద్దున్నే వస్తుంది. నావైపు చూడదు. దారం విప్పుతుంది, సీసా మూతతో సున్నపు మందు ఒక మూత పోస్తుంది, గాజుకు పట్టిన నాచు గీకుతుంది. నాలుగింటికి మళ్లీ వచ్చి, ఒక్కొక్క తలకూ రొయ్యముక్క పట్టకారుతో అందిస్తుంది. చెయ్యి వణుకుతుంది. మూత సగమే నిండిందో, నిండుగానే పోసిందో నేను కూర్చున్న చోటునుంచి కనబడదు.

సున్నపు మందు తక్కువైతే పగడం తన రాతిని తాను కట్టుకోలేదు. కండ వెనక్కి పోతుంది. అది కోర్లమ్మకు తెలియదా? చక్కగా తెలుసు. తెలుసు కాబట్టే నా భయం.

నిన్న ఆమె ట్యాంకర్ లైన్‌కి వెళ్లాక లేచి, దారం విప్పి, నేనూ ఒక మూత పోశాను. ఇవాళ కూడా పోశాను. నలభై ఏళ్లు పడవ ఇంజన్లు బాగుచేసినవాణ్ణి, ఒక మూత మందు పోయలేనా? ముడి కూడా ఉన్నది ఉన్నట్టు వేశాను. ఇది ఎవరికీ చెప్పేది కాదు.

ఐదో రోజు

నలభై నాలుగు డిగ్రీలు. మనుషుల కరెంటు రోజుకు నాలుగు గంటలు. తొట్టె కరెంటు మాత్రం పోదు. నూకరత్నమూ నేనూ తొట్టె గాజుకు వీపులు ఆనించుకుని పగలు నిద్రపోయేవాళ్లం, గాజు చల్లగా ఉంటుందని. ఇవాళ ఒక్కడినే ఆనుకుని కూర్చున్నాను. వీపుకు చల్లగానే ఉంది, పక్కన చోటు ఎక్కువైపోయింది.

దివిటీ సరిగ్గా విచ్చుకోలేదు. కోర్లమ్మ రొయ్యముక్క పెడితే రెండు తలలు తీసుకోకుండా వదిలేశాయి. మధ్యాహ్నం నా మూత నేను పోశాను.

ఏడో రోజు

శుక్రవారం. నీళ్ల పరీక్ష. గాజు గొట్టంలో తొట్టెనీళ్లు తీసుకుని మందు చుక్కలు వేయాలి. ఎన్నో చుక్కకు నీలం పోయి పసుపు వస్తే అన్ని పాళ్లు క్షారం ఉన్నట్టు. మాది ఎప్పుడూ ఎనిమిది. పందొమ్మిదేళ్లుగా ఎనిమిది. నూకరత్నం పైకి లెక్కపెట్టేది, ఎనిమిది దగ్గర నావైపు చూసి, "ఇదిగో మావా, పలికింది" అనేది.

కోర్లమ్మ మనసులో లెక్కపెట్టుకుంది. గొట్టాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూసింది. రెండోసారి చేసింది. తర్వాత సున్నపు మందు సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూసి, పోయకుండానే కింద పెట్టేసింది. రిజిస్టర్లో ఏదో రాసి, దారం కట్టి వెళ్లిపోయింది.

మందు పోయలేదు! నా కళ్లతో చూశాను. మధ్యాహ్నం నేను పోసిన మూత తప్ప ఇవాళ దానికి మరేమీ లేదు.

ఎనిమిదో రోజు

ఇవాళా పోయలేదు. తొట్టె మూత తెరిచింది, మూసింది. తలల కొసలు కాలిన వత్తుల్లా తెల్లబడ్డాయి. ఆరేళ్ల పగ మనిషి పోయాక కూడా చల్లారలేదన్నమాట.

మధ్యాహ్నం రెండు మూతలు పోశాను. ఆమె వంతు, నా వంతు.

పదో రోజు

నిన్నా రెండు, ఇవాళా రెండు. ఒక తల కండ వదులై, వదులు బూటు తొడిగిన కాలులా రాతిలో ఊగుతోంది. నిద్ర లేదు. నాలుగింటికి కోర్లమ్మ వచ్చేసరికి నా నోరు నా చేతిలో లేదు.

"పగ తీరిందేటప్పా?" అన్నాను. ఒకప్పుడు అక్క వరసన అప్పా అని పిలిచేవాణ్ణి, ఆరేళ్లకు మాట్లాడిన మొదటి మాట అది. "నూకరత్నం ఉన్నప్పుడు సెయ్యలేనిది ఇప్పుడు సేస్తన్నావు."

ఆమె పట్టకారు కడిగి పెట్టింది. దారం కట్టేటప్పుడు మూడుసార్లు వేస్తేగానీ ముడి పడలేదు.

పదకొండో రోజు

పెద్దదినం. కర్మ అయిపోయింది, దారం తెంపారు, తొట్టె నాది అయింది. మంగళవారం కాబట్టి ఉప్పునీళ్ల ట్యాంకర్ కూడా వచ్చింది. అందరూ భోంచేసి వెళ్లాక మొదట చేసిన పని పరీక్ష. ఎనిమిదో చుక్కకు నీలం. పదో చుక్కకు నీలం. పదిహేనో చుక్కకు పసుపు వచ్చింది.

చుక్కల మందు పాడైందేమోనని కొత్త సీసా తెరిచాను. పదిహేను.

రిజిస్టర్ తీశాను. కోర్లమ్మ వంకర అక్షరాలు. ఏడో రోజు దగ్గర: "పన్నెండు చుక్కలు. మందు ఆపాను."

లెక్క నాకు అర్థమవడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా ఆమె నిండుగానే పోసింది, దాని మీద నేనూ పోశాను. ఎక్కువైందని చూసి ఆమె ఆపింది. ఆపింది కదాని నేను రెట్టింపు చేశాను. నేను ఒక్క మూతతో ఉండిపోయినా పన్నెండు దగ్గరే నిలబడేది. అనుమానం పెనుభూతం అని నూకరత్నం నన్నెప్పుడూ తిట్టేది. ఆవిడ దివిటీని నేనే కాల్చాను. కోర్లమ్మ కాదు. నేను.

పన్నెండో రోజు

పగడాల ఆఫీసు నుంచి హిమజ గారు వచ్చారు. చిన్నపిల్ల, మర్యాదగల మనిషి, చెప్పులు బయటే విప్పింది. దివిటీని చూసి ముఖం వాడిపోయింది. కోర్లమ్మను పిలిపించింది.

"అమ్మా, ఏడో రోజు పన్నెండు ఉంది, మందు ఆపానని రాశారు. ఆపితే తగ్గాలి కదా? పదిహేను ఎలా అయింది?"

కోర్లమ్మ నావైపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది.

"ముసలి కళ్లు తల్లీ," అంది. "మూత సరిగ్గా కొలిసుండను. ఆపీసినానని రాసీసి మర్సిపోయి పోసీసుంటాను."

"అలా రాసుకోమంటారా? రాస్తే మీ తొట్టె కూడా తీసుకోవాల్సి వస్తుంది. వచ్చే బుధవారం వస్తారు."

"నా సేతిలోనే జరిగింది కదా. రాసుకోండి."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కోర్లమ్మ మెదడు పగడానికి ముప్పై ఒక్క ఏళ్లు. దానికి పొద్దున్నే "లేసినావా?" అని పలకరించడం గోడవతల నుంచి రోజూ వింటాను. ఆమెను తిరిగి పలకరించేవాళ్లు వేరే ఎవరూ లేరు. అది తెలిసి కూడా మాట్లాడలేదు. మొగుడి చేతిలోనే దివిటీ పోయిందని నూకరత్నం పేరు పక్కన రాస్తారేమోనని భయం. అది కూడా అబద్ధమే. నా పేరు పక్కన రాస్తారని భయం.

పద్నాలుగో రోజు

క్షారం ఒక్కసారిగా దించకూడదు, ఆ దెబ్బకు కూడా చస్తుంది. మందు మానేసి, పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె కొత్త ఉప్పునీళ్లు మారుస్తున్నాను. ఇవాళ పదమూడు చుక్కలు. చేతులు కాలాక ఆకులు.

సాయంత్రం ఒక తల ఊడింది. చచ్చి కాదు, అదే భయంగా ఉంది. బతికుండగానే రాతిని వదిలేసి పైకి లేచింది. వేళ్లన్నీ ఆడించుకుంటూ నీళ్లలో తిరిగింది. ఉండలేననుకున్నప్పుడు ఈ జాతి పగడాలు ఇలా ఇల్లు వదిలి పోతాయని నూకరత్నం చెప్పింది. నేను చూడడం ఇదే మొదలు. చూస్తుండగానే తొట్టె నీళ్లు తిప్పే పంపు దాన్ని లాక్కుని నలిపేసింది.

రెండోది లేచింది. నేను అట్లాగే నిలబడిపోయి "అప్పా!" అని కేకేశాను. ఎందుకు ఆ పిలుపే వచ్చిందో తెలియదు.

కోర్లమ్మ టీ వడపోసే జల్లెడ పట్టుకుని వచ్చింది. ముందు పంపు ఆపింది. "కూకో, నీ సేతులు బాలేవు," అంది. ఊడిన తలను జల్లెడలో పట్టి, చిల్లుల డబ్బాలో గులకరాళ్ల మీద పెట్టి, ఆ డబ్బాను తొట్టెలోనే ఒక మూలకు దింపింది. ఆదరువు దొరికితే కొన్ని మళ్లీ అంటుకుంటాయట. రాత్రికి ఆరు ఊడాయి. తర్వాత ఆమె ఇంటికి పోయి రెండు బిందెల ఉప్పునీళ్లు తెచ్చిపెట్టింది. ఆమె వారం వాటాలో మిగిలింది అది.

పదిహేనో రోజు

ఇవాళ ఇంకో ఐదు ఊడాయి. మూడు చచ్చిపోయాయి. కోర్లమ్మ పక్కన కూర్చుని జల్లెడ ఆడిస్తోంది. ఇక ఆపుకోలేకపోయాను.

"అప్పా, ఆ మందు నేనే పోసినాను. రోజూ. నువ్వు పోయట్లేదనీసి రెండేసి మూతలు పోసినాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడో రోజు నాలుగింటికే. దారం ముడి నాది కాదు. నేనేసేది వలముడి. నువ్వేసింది లంగరు తాడు ముడి. మన పేటలో మెకానిక్కులు తప్ప ఆ ముడి ఎవులేస్తార్రా?"

ఉన్నది ఉన్నట్టు వేశాననుకున్నాను!

"మరి అడగలేదేం?"

"ఊరికే తెరిసి సూసుకుంటన్నావనుకున్నా. పెళ్లాం పెంచింది కదా, సూసుకోనీ అనుకున్నా. ఏడో రోజు పన్నెండు సుక్కలొచ్చాక సీసా ఎత్తి సూసినాను, మందు సగమైపోయింది. అప్పుడు తెలిసింది పోస్తన్నావని." జల్లెడ పక్కన పెట్టింది. "మైలలో ఉన్నోడిని ఏటని అడుగుతాను? ఆ మూతెడు మందైనా నూకరత్నానికి సేసినట్టుంటాది, పోసుకోనీ, నేను మానేస్తే లెక్క సరిపోద్దనుకున్నా. నువ్వు రెండు పోస్తావని నాకేటి తెలుసు?"

నేను ఏడ్చాను. నూకరత్నం పోయినప్పుడు అందరి ముందూ ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. కోర్లమ్మ అడ్డు చెప్పలేదు, ఓదార్చలేదు. కాసేపయ్యాక, "లే, ఇంకోటి లేస్తంది, పట్టు," అని జల్లెడ నా చేతికిచ్చింది.

పదహారో రోజు

ఈ పుస్తకం తీసుకుని ఆఫీసుకు పోతున్నాను. నోటితో చెబితే సగంలో మాట మార్చేస్తానని నాకు తెలుసు. రాసింది మారదు. హిమజ గారూ, మూడో రోజు నుంచి చదవండి. కోర్లమ్మప్ప అబద్ధం చెప్పింది. ఆమె తొట్టె జోలికి పోకండి. ముందు పేజీల్లో ముగ్గులు నా భార్యవి, వాటిమీద ముద్రలు వేయకండి.

నలభై మూడో రోజు

పుస్తకం నిన్న తిరిగిచ్చారు. వెనక పేజీలన్నిటి మీదా ముద్ర ఉంది. ముగ్గుల మీద లేదు.

జరిగింది క్లుప్తంగా. కోర్లమ్మప్ప తొట్టె ఆమెకే ఉంచారు. నాది తీసేశారు. ఇక జన్మలో నా పేరున తొట్టె ఇవ్వరు. చల్లటి గాజు ఉన్న చోట ఇప్పుడు గోడ మీద తెల్ల చారలు మిగిలాయి. తొట్టె కరెంటు తీగ కూడా కోసేశారు. పద్నాలుగు తలల్లో డబ్బాలో బతికినవి మూడు. వాటిని ఎవరికి ఇవ్వాలని హిమజ గారు అడిగితే కోర్లమ్మప్ప నన్ను మాట్లాడనివ్వలేదు.

"నాకియ్యండి. ఈసారి మూరెడు దూరం పెడతాను," అంది.

పౌర్ణమి నిన్ననే. పొద్దున్న అప్పగింతల పడవలు కదిలాయి. మా వరసలో ఎనిమిది ఇళ్లవాళ్లు వెళ్లారు. నూకరత్నం తీసిపెట్టుకున్న చీర కోర్లమ్మప్ప కట్టుకుంది, నేనే కట్టుకోమన్నాను. ఇద్దరం మేడెక్కి చూశాం. పడవలు ఈ ఎత్తు నుంచి బియ్యపు గింజలంత ఉన్నాయి. నూకరత్నం సాగనంపాల్సిన పిల్ల వాటిలో లేదు. నా వల్ల లేదు. ఆ మాట పైకే అన్నాను. అవునంది. కాదని ఆమె అనకపోవడం నాకు నచ్చింది.

డెబ్బయ్యో రోజు

శుక్రవారం. నాలుగింటికి రొయ్యముక్క ఒకటి ఆకులో చుట్టుకుని పక్కింటికి వెళ్లాను. రోజూ వెళుతున్నాను. తొట్టె నా పేరున ఉండకూడదన్నారు గానీ చూడకూడదనలేదు.

మూడు తలల్లో రెండు గులకరాళ్లకు గట్టిగా అంటుకున్నాయి. మూడోది ఇంకా ఊగుతోంది. అంటుకున్న వాటి అడుగున గోరంచు వెడల్పున తెల్లగా కొత్త రాయి కట్టింది. పద్నాలుగు తలలు కావడానికి మళ్లీ పందొమ్మిదేళ్లు. నాకు అరవై మూడు, ఆమెకు డెబ్బై రెండు. ఆ పడవ మేము ఎక్కం. మా తర్వాత ఎవరి చేతిలో పెట్టాలో ఇప్పటినుంచే చూడాలని కోర్లమ్మప్ప అంది. వంటింట్లో పప్పుకు పోపు పెట్టినంత మామూలుగా అంది.

తర్వాత పరీక్ష గొట్టం నా ముందు పెట్టింది.

"సుక్కలు నువ్వెయ్యి. నా కళ్లకి నీలమూ పసుపూ ఒక్కలాగే ఉంటన్నాయి."

"నా చెయ్యి పెట్టకూడదు కదప్పా."

"తొట్టెలో పెట్టకూడదన్నారు. గొట్టంలో కాదు. ఎయ్యి. మనసులో అనుకోకు, పైకి లెక్కెట్టు. ఇద్దరికీ ఇనపడాలి."

గొట్టం వెలుగులోకి ఎత్తాను. మొదటి చుక్క వేశాను. ఒకటి అన్నాను. ఒకటి అంది. రెండు అన్నాను. రెండు అంది. ఏడు దగ్గర ఇద్దరం ఆగాం.

"ఎనిమిది."

"ఎనిమిది. వచ్చిందా పసుపు?"

"వచ్చిందప్పా," అన్నాను. "పలికింది."